అమ్మ పీసీ

మా ఇంట్లో ప్రింటరు ఒక్కటే.
జగదాంబ సెంటర్లో వాన పడుతుండగా బేరమాడి కొని
ఆటోలో ఒళ్ళో పెట్టుకు తెచ్చాం.
జ్ఞానాపురంలో కిటికీ తీస్తే
గాలికంటే ముందు పోర్టు బొగ్గుపొడి లోపలికొస్తుంది.
అందుకని దానిమీద పాత తువ్వాలు కప్పుతుంది అమ్మ,
పసిపిల్లకి కప్పినట్టు కాదు,
పులియబెట్టిన పిండిగిన్నెకి కప్పినట్టు.

వైరు మాత్రం అమ్మ కంప్యూటర్‌కే.
తక్కినవాళ్ళం గాల్లోంచి అడుక్కుంటాం:
నేను నడవలోంచి,
తమ్ముడు గౌరీశు వంటింటి గట్టు మీంచి,
మేడమీద అద్దెకున్న ఫిలోమినా గారు
కేజీహెచ్‌లో నైట్ డ్యూటీకి బయల్దేరుతూ చెప్పుల్లో కాళ్ళు దూర్చి.
అమ్మ మిషను మెలకువగా ఉంటేనే మాకు కాగితం.
అది కునుకు తీసిందా,
మెట్లమీంచి కేక:
"ఏటండీ, ఆఫ్‌లైన్ అంటంది?"
కూరలో గరిట అలాగే వదిలేసి వెళ్ళి
మౌసు ఇటోసారి అటోసారి జరుపుతుంది అమ్మ.
గొంతు సవరించుకుంటుంది ప్రింటరు.

ఆ ట్రేలో దాపరికం లేదు.
గౌరీశు మూడోసారి కట్టిన సప్లిమెంటరీ ఫీజు రసీదు,
ఫిలోమినా గారి బదిలీ అర్జీ,
నా బయోడేటా, అందులో
ఎంత సర్దినా పూడని రెండేళ్ళ ఖాళీ,
వీటి నడుమ
సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కోసం అమ్మ టైపు చేసే దస్తావేజులు.
ఎవరివో గజాలు. ఎవరివో హద్దులు.
తూర్పు: రోడ్డు. పడమర: సన్యాసయ్య గారి ప్రహరీ.
ఎవరివి వాళ్ళకి వేరుచేసి క్లిప్పు పెట్టి ఇస్తుంది.
చదివిందో లేదో
మొహంలో ఒక్క అక్షరం కనబడనివ్వదు.

ఒక సాయంత్రం, గూడ్సు బళ్ళు షంటింగ్ చేసుకుంటున్న వేళ,
నా తెరమీద ఇంటి మిషన్ల జాబితా చూసింది.
గౌరీశు ల్యాపీ. ఫిలోమినా. నాది నా పేరే.
చివర, అమ్మ పీసీ.

"నాదేటి, అమ్మ పీసీ?"
"నువ్వు అమ్మవే కదే."
"దస్తావేజు కింద 'రాసినవారు' అని అమ్మనే ఏస్తన్నానేటి?"
నేను తలెత్తేలోగా
"ఊరికే అడిగినాన్లే" అని
బియ్యం కడగడానికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రే మార్చేశాను.
చిన్న గడి. పాతది చెరిపి కొత్తది కొట్టడం.
ఒకసారి ఆపి, మళ్ళీ వెలిగించడం.
ఏదో ఘనకార్యం చేసినట్టు పడుకున్నాను.

తెల్లారేసరికి ఇంట్లో ఎవరికీ ప్రింటు లేదు.
నాకు తట్టనేలేదు.
మా మిషన్లన్నీ ఇంకా ఆ పాత పిలుపుతోనే
వెళ్ళి తలుపు కొడుతున్నాయి.
ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరని
మర్యాదగా తిరిగి పంపేస్తోంది నెట్‌వర్కు.
హాల్ టికెట్ కోసం గౌరీశు చిందులు.
"నువ్వే పాడుచేసీనావు!"
"పాడవలేదురా. కొత్త పేరు కొట్టు, దొరుకుద్ది."
"ఏం పేరు?"
"అమ్మ పేరు."

కీబోర్డు మీద వాడి వేళ్ళు ఆగిపోయాయి.
"నూకరత్నం... స్పెల్లింగేటి?
యూ నా, రెండు ఓలా?"

నేను నోరు తెరిచి, మూసేశాను.
రాత్రి నేను కొట్టింది
చూసి కొట్టానో, ఊహించి కొట్టానో.
ఫిలోమినా గారు మెట్లమీద ఆగి
మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.
"అదేటమ్మా, ఆవిడ లోపలే ఉన్నారు కదా. అడగండి."

వంటింట్లోంచి వచ్చింది జవాబు,
కుళాయి కట్టకుండానే:
"రెండు ఓలు. రేషన్ కార్డులో యూ ఏసీసినారు. అది తప్పు."

మొదట బయటపడింది టెస్ట్ పేజీ.
నా వేలెడు వెడల్పు రంగుల పట్టీ,
దాని కింద కంప్యూటర్ పేరు, రెండు ఓలతో,
ఇంకా వెచ్చగా.
అమ్మ దాన్ని ఎవరి క్లిప్పులోనూ పెట్టలేదు.
వెనకవైపు ఖాళీగా ఉంది కదాని పాల లెక్క రాసుకుంది.

పాల లెక్క కాగితాలు
నెలాఖరుకి చింపేస్తుంది మామూలుగా.
ఇది మూడో నెల.